అడగకముందే అందించాలి: ఫైళ్లు చదవడంలో కెర్నల్ ముందుచూపు

ఒక ప్రోగ్రామ్ ఏదో ఫైలులోంచి 4 కిలోబైట్లు కావాలని, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను అడుగుతుంది. ఆ భాగం అప్పటికే మెమరీలో ఉంటే పని ఒక మైక్రోసెకను అటూ ఇటూగా ముగుస్తుంది. లేకపోతే డిస్కు దాకా వెళ్లాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక చుట్టు పూర్తి కావడానికి 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు, డేటాను చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం సమయం, తల సరైన ట్రాక్ మీదికి జరగడానికి మరో 8 మిల్లీసెకన్లు వేసుకుంటే మొత్తం 12 దాటుతుంది. ఆ వ్యవధిలో 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం 3.6 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అన్ని సార్లు కొట్టుకున్నా, ఆ డేటా కోసం ఎదురుచూస్తున్న ప్రోగ్రామ్ మాత్రం ఒక్క అడుగు కూడా ముందుకు వేయదు.

చెల్లాచెదురుగా ఉన్న 4 కిలోబైట్ల ముక్కలను ఇలా ఒకదాని తర్వాత ఒకటిగా అడుగుతూ పోతే సెకనుకు 80 ముక్కలు వస్తాయి. అంటే 320 కిలోబైట్లు. అదే డిస్కును ఎక్కడా ఆపకుండా వరుసగా పారనిస్తే సెకనుకు 150 మెగాబైట్లు ఇస్తుంది. పరికరం ఒక్కటే, అడిగే తీరు మారింది, తేడా నాలుగు వందల రెట్లకు పైన.

ఈ తేడాను పూడ్చడానికే కెర్నల్‌లో ప్రీఫెచింగ్ ఉంది. లైనక్స్ వాడుకలో దీన్ని రీడ్‌అహెడ్ అంటారు. ప్రోగ్రామ్ ఇంకా అడగని భాగాన్ని ముందుగానే డిస్కు నుంచి తెచ్చి, ఫైళ్ల భాగాలను మెమరీలో దాచిపెట్టే పేజీ క్యాష్‌లో ఉంచడం దీని పని. దీని గురించి జరిగే చర్చ చాలావరకు 'ఎంత ముందుకు చదవాలి' అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పరిమాణం ముఖ్యమే. కానీ ప్రీఫెచింగ్ ఫలిస్తుందా లేదా అన్నది అంతకంటే ఎక్కువగా 'ఎప్పుడు అడిగాం' అన్న దానిమీద ఆధారపడుతుంది. డిస్కు ఆలస్యాన్ని తగ్గించడం ఏ కెర్నల్ వల్లా కాదు. ప్రోగ్రామ్ వేరే పనిలో ఉన్న సమయంలోకి ఆ ఆలస్యాన్ని జరపగలదు, అంతే. ఆ జరపడంలో ఉన్న నైపుణ్యమంతా వేళ చూసి అడగడంలోనే ఉంది.

ఒక్క బ్లాకు ముందు

ఈ ఆలోచన కొత్తది కాదు. 1975 నాటి ఆరవ ఎడిషన్ యునిక్స్‌లోనే ఇది ఉంది. 'బ్రీడా' అనే ఫంక్షన్ రెండు బ్లాకు సంఖ్యలు తీసుకునేది. మొదటి బ్లాకును చదివి తెచ్చేది, రెండోదాన్ని తెమ్మని డిస్కుకు పురమాయించి, అది వచ్చేదాకా ఆగకుండా తిరిగి వచ్చేసేది. ఎప్పుడు ముందుకు చదవాలన్న నిర్ణయం కూడా సూటిగా ఉండేది. ఫైలు వివరాలను కెర్నల్ దాచుకునే ఐనోడ్‌లో చివరగా చదివిన బ్లాకు సంఖ్య గుర్తుంచుకుంటారు. ఇప్పుడు అడిగినది సరిగ్గా దాని తర్వాతి బ్లాకే అయితే, ఆ పై బ్లాకును కూడా రప్పిస్తారు. బ్లాకు 512 బైట్లు. ముందుచూపు ఒక్క బ్లాకు దూరం.

ఇంత చిన్న ఏర్పాటులోనే నేటి రీడ్‌అహెడ్‌కు కావలసిన మూలాలు మూడూ కనిపిస్తాయి. గతాన్ని చూసి భవిష్యత్తును ఊహించడం మొదటిది. ఆగకుండా అడిగి వదిలేయడం రెండోది. ఊహకు ఆధారం లేనప్పుడు ఊరుకోవడం మూడోది. ఈ మూడోదాన్ని తేలిగ్గా తీసుకునేవారే ఎక్కువ.

అందులో ఒక లోపం కూడా ఉంది. గుర్తుంచుకునే చోటు ఐనోడ్ కావడంతో, ఒకే ఫైలును ఇద్దరు ఏకకాలంలో వేర్వేరు చోట్ల చదువుతుంటే ఒకరి జాడను మరొకరు చెరిపేస్తారు. ఇద్దరూ వరుసగానే చదువుతున్నా, కెర్నల్‌కు మాత్రం అటొక గెంతు ఇటొక గెంతులా కనిపిస్తుంది. లైనక్స్ ఈ జ్ఞాపకాన్ని ఐనోడ్‌లో కాక, తెరిచిన ప్రతి ఫైలుకూ విడిగా ఉండే నిర్మాణంలో పెట్టింది. ఫైలును ఇద్దరు విడివిడిగా తెరిస్తే రెండు జ్ఞాపకాలు ఉంటాయి. తెరిచిన ఫైలుకు గుర్తింపు సంఖ్య అయిన డిస్క్రిప్టర్‌ను ఒక్కదాన్నే రెండు థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే రెండు పనులు, పంచుకుంటే మాత్రం పాత చిక్కు మళ్లీ వస్తుంది.

గుర్తు పేజీ

లైనక్స్‌లో నేటి రీడ్‌అహెడ్ కోడుకు పునాది 2002లో ఆండ్రూ మోర్టన్ రాశారు. 2007లో వచ్చిన 2.6.23 వెర్షన్‌లో వూ ఫెంగ్వాంగ్ దాని తర్కాన్ని తిరగరాశారు. ఆ తర్వాత కెర్నల్‌లో ఎన్నో మారినా, ఆ రచన మూలసూత్రం మాత్రం నిలిచింది. అది ఎంత సొగసైనదో తెలియాలంటే ఒక ఫైలును మొదటి నుంచి 4 కిలోబైట్ల చొప్పున చదువుతూ వెళ్లి చూడాలి.

కెర్నల్ ఫైలును 4 కిలోబైట్ల పేజీలుగా చూస్తుంది. ఒక విడతలో తెచ్చే మేరను విండో అంటారు. దాని గరిష్ఠం సాధారణంగా 128 కిలోబైట్లు, అంటే 32 పేజీలు. ప్రోగ్రామ్ 0వ పేజీని అడిగింది. క్యాష్‌లో లేదు. ఫైలు మొదటి నుంచి చదివేవారు చివరిదాకా చదివే అవకాశం ఎక్కువ కనుక, కెర్నల్ ఒక్క పేజీతో సరిపెట్టుకోదు. 0 నుంచి 3 దాకా నాలుగు పేజీలు తెమ్మంటుంది. ఈ నాలుగింటిలో 1వ పేజీకి ఒక చిన్న గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తుకు అర్థం ఒక్కటే: 'ఎవరైనా ఈ పేజీ దాకా వస్తే, తర్వాతి విడత రప్పించే వేళయింది.'

ప్రోగ్రామ్ 1వ పేజీ చదవగానే గుర్తు తగులుతుంది. అప్పుడు 4 నుంచి 11 దాకా ఎనిమిది పేజీలకు రిక్వెస్టు వెళుతుంది, ఈసారి గుర్తు 4వ పేజీ మీద పడుతుంది. 1, 2, 3 పేజీలు అప్పటికే చేతిలో ఉన్నాయి కనుక ప్రోగ్రామ్ వాటితో పని చేసుకుంటూ ఉండగానే డిస్కు తన పని తాను చేస్తుంది. 4వ పేజీని ముట్టుకోగానే 12 నుంచి 27 దాకా పదహారు పేజీలు బయలుదేరతాయి. 12వ పేజీ దగ్గర 28 నుంచి 59 దాకా ముప్పై రెండు. అక్కడికి గరిష్ఠ పరిమాణం చేరింది. ఇక విండో పెరగదు, ముప్పై రెండేసి పేజీల చొప్పున ముందుకు జరుగుతుంది: గుర్తులు 28 దగ్గర, 60 దగ్గర, 92 దగ్గర.

ఇక్కడ గమనించవలసింది గుర్తు ఉన్న చోటు. విండో చివరి పేజీ మీద గుర్తు పెట్టి ఉంటే, చేతిలో ఉన్నదంతా అయిపోయే క్షణంలో కొత్త రిక్వెస్టు వెళ్లేది. ప్రతి విడతకూ ప్రోగ్రామ్ డిస్కు ఆలస్యాన్ని నిండుగా భరించాల్సి వచ్చేది. మొదటి పేజీ మీదే పెట్టడం వల్ల, ఒక విండో మొత్తాన్ని వాడుకునేంత సమయం తర్వాతి విండోకు దొరుకుతుంది. తెచ్చే పేజీల సంఖ్య రెండు పద్ధతుల్లోనూ ఒకటే. ఒక పద్ధతిలో డిస్కూ ప్రాసెసరూ వంతులవారీగా పనిచేస్తాయి, రెండో పద్ధతిలో జంటగా పనిచేస్తాయి.

గుర్తును పేజీ మీద పెట్టడంలో మరో లాభం ఉంది. తెరిచిన ఫైలులోని జ్ఞాపకం ఇంకొక థ్రెడ్ వల్ల చెదిరిపోయినా, గుర్తు మాత్రం పేజీ క్యాష్‌లోనే ఉంటుంది. ఎవరు వచ్చి ఆ పేజీని ముట్టుకున్నా, ఇక్కడొక వరుస పఠనం నడుస్తోందన్న సంగతి కెర్నల్‌కు తెలిసిపోతుంది. అప్పుడది క్యాష్‌లో ముందుకు వెతుకుతూ పోయి, మొట్టమొదటి ఖాళీ ఎక్కడుందో పట్టుకుని అక్కడి నుంచి కొత్త విండో మొదలుపెడుతుంది. గుర్తు కూడా లేని చోట వెనక్కి తిరిగి చూస్తుంది. అడిగిన పేజీకి వెనుక వరుసగా ఎన్ని పేజీలు క్యాష్‌లో ఉన్నాయో లెక్కపెట్టి, అవి తగినన్ని ఉంటే ఇదీ వరుస పఠనమేనని భావిస్తుంది. నెట్‌వర్క్ మీద ఫైళ్లు అందించే సర్వర్‌లో రిక్వెస్టులు అనేక థ్రెడ్ల చేతుల్లో పడి కాస్త ముందూ వెనకా అవుతాయి. అలాంటి చోట ఈ రెండు ఉపాయాలూ చాలా అక్కరకు వస్తాయి.

ఏ ఆధారమూ దొరకకపోతే? అడిగినంతే చదివి ఊరుకుంటుంది. ఊహించడానికి ఆధారం లేనిచోట ఊహించకపోవడం ఈ రచనలో మెచ్చుకోదగ్గ నిగ్రహం.

128 కిలోబైట్ల వెనుక లెక్క

చిప్పుల్లో డేటా నిల్వచేసే ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ప్రీఫెచింగ్ అవసరం తీరిపోయిందన్న అభిప్రాయం తరచూ వినిపిస్తుంది. తిరిగే పళ్లెం లేదు, జరిగే తల లేదు, ఇంకా ముందుగా చదవడం ఎందుకని. ఈ వాదన నిలవదు. ఎన్‌వీఎంఈ డ్రైవ్ (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ రకం) ఒక చిన్న రీడ్‌కు సుమారు 100 మైక్రోసెకన్లు తీసుకుంటుందనుకుందాం. 4 కిలోబైట్లు అడగడం, వచ్చేదాకా ఆగడం, మళ్లీ అడగడం, ఈ క్రమంలో సెకనుకు పది వేల రిక్వెస్టులు నడుస్తాయి. అంటే 40 మెగాబైట్లు. సెకనుకు 3 గిగాబైట్లు ఇవ్వగల డ్రైవ్ నుంచి వందో వంతుకు కాస్త పైన మాత్రమే అందుతోంది. హార్డ్ డిస్కులో వేగం తల కదలికల దగ్గర పోయేది. ఇక్కడ ఒంటరి రిక్వెస్టుల దగ్గర పోతోంది. ఎస్‌ఎస్‌డీ లోపల అనేక చిప్పులు, అనేక మార్గాలు ఉంటాయి. ఒకేసారి ఎంతో పని అప్పగిస్తే తప్ప అవన్నీ నిండవు.

ఎంత అప్పగించాలన్న దానికి చిన్న గుణకారం చాలు. పరికరం ఇవ్వగల వేగాన్ని దాని ఆలస్యంతో గుణిస్తే, ఏ క్షణంలోనైనా దారిలో ఉండవలసిన డేటా ఎంతో వస్తుంది. సెకనుకు 3 గిగాబైట్లు, 100 మైక్రోసెకన్లు అయితే 300 కిలోబైట్లు. 128 కిలోబైట్ల విండో ఇక్కడ కాస్త చిన్నది. పైన చెప్పిన హార్డ్ డిస్కులో వరుస పఠనానికి తల జరగనక్కర్లేదు కనుక అదే విండో సరిపోతుంది.

అసలు ఇబ్బంది నెట్‌వర్క్ ద్వారా అందే నిల్వల దగ్గర తలెత్తుతుంది. ఆలస్యం 2 మిల్లీసెకన్లు, వేగం సెకనుకు 1 గిగాబైటు అయితే దారిలో 2 మెగాబైట్లు ఉండాలి. అక్కడ విండో 128 కిలోబైట్ల దగ్గరే ఉంచితే జరిగేది ఇది: ప్రోగ్రామ్ గుర్తు పేజీని తాకుతుంది, తర్వాతి విడతకు రిక్వెస్టు వెళుతుంది, చేతిలో ఉన్న 128 కిలోబైట్లను 0.13 మిల్లీసెకనులో ముగించేసి, మిగిలిన సమయమంతా కాచుక్కూర్చుంటుంది. ప్రతి 2 మిల్లీసెకన్లకు ఒక విండో చొప్పున సెకనుకు 64 మెగాబైట్ల దగ్గర వేగం ఆగిపోతుంది. నిల్వ సామర్థ్యానికి ఇది పదహారో వంతు. గుర్తును ఎంత ముందు పెట్టినా ఇక్కడ లాభం లేదు, ఎందుకంటే అది విండో మొదట్లోనే ఉంది. అంతకంటే ముందుకు జరగడానికి చోటు లేదు. వేళను ఇంకా ముందుకు తేవాలంటే విండోనే పెంచాలి. పరిమాణం విలువ అంతిమంగా అది కొనిపెట్టే వ్యవధిలోనే ఉంది.

ఈ గరిష్ఠ పరిమితిని ప్రతి బ్లాక్ పరికరానికీ, అంటే డిస్కు లాంటి ప్రతి నిల్వ పరికరానికీ, విడిగా మార్చుకోవచ్చు. ఆ పరికరం సెట్టింగుల్లో రీడ్ అహెడ్ కేబీ అనే ఫైలు ఉంటుంది, అందులో విలువ కిలోబైట్లలో రాయాలి. బ్లాక్‌డెవ్ అనే ఆదేశం ద్వారా మార్చేటప్పుడు మాత్రం విలువ 512 బైట్ల సెక్టార్లలో ఇవ్వాలి. అక్కడ 256 అంటే ఇక్కడ 128. ఈ రెండు కొలతలనూ కలగాపులగం చేసుకుని, పెంచామనుకుంటూ అసలు ఏమీ మార్చనివారు తక్కువేమీ కాదు. పరికరాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నచోట, అంటే అనేక డిస్కులను ఒకటిగా కలిపే రెయిడ్ మీద, దాన్ని భాగాలుగా పంచే లాజికల్ వాల్యూమ్, దాని మీద ఫైల్ సిస్టమ్ ఉన్నచోట, లెక్కలోకి వచ్చేది అన్నింటికంటే పైన ఉన్న పరికరం విలువ. కింది డిస్కుల విలువలు మార్చి ఫలితం కోసం ఎదురుచూడటం వృథా.

తెచ్చే డేటా పెరిగేకొద్దీ మరో ఖర్చు బయటపడుతుంది. 128 కిలోబైట్లకు 32 పేజీలు. ఒక్కొక్కదానికీ మెమరీ కేటాయించడం, క్యాష్ సూచికలో చేర్చడం, తాళం వేయడం, డేటా రాగానే తాళం తీయడం అన్నీ విడివిడిగా జరగాలి. వేగవంతమైన డ్రైవ్‌లు వచ్చాక ఈ గుమాస్తా పనే ప్రాసెసర్‌కు భారమైంది. మాథ్యూ విల్కాక్స్ నాయకత్వంలో 5.16 వెర్షన్‌లో ప్రవేశించిన ఫోలియోలు దీనికి జవాబు. అనేక పేజీలను ఒకే మూటగా కట్టి, ఆ పనులన్నీ మూటకు ఒకసారి చొప్పున చేస్తారు. రీడ్‌అహెడ్‌కు ఇది బాగా కుదిరింది, ఎందుకంటే పక్కపక్క పేజీలు పెద్ద ఎత్తున ఒకేసారి కావాలని ముందే తెలిసిన చోటు కెర్నల్‌లో ఇదే.

అంచనా తప్పినప్పుడు

ముందుగా తెచ్చిన ప్రతి పేజీకీ మూడు ఖర్చులు ఉంటాయి: పరికరం సమయం, మెమరీలో చోటు, ఆ చోటు కోసం బయటికి పోయిన మరో పేజీ. పేజీ వాడకంలోకి వస్తే ఈ మూడూ తిరిగి వసూలవుతాయి. రాకపోతే మూడూ నష్టమే. డేటాబేస్ సూచికలో ఒక చిన్న నమోదు కోసం 8 కిలోబైట్లు చదవబోతే, దాని చుట్టూ 128 కిలోబైట్లు వచ్చి పడితే, పదహారింట పదిహేను వంతుల పని వృథా. పైగా అవసరమైన రిక్వెస్టులు ఆ వృథా పని వెనుక వరుసలో నిలబడాలి.

లైనక్స్ ఈ నష్టాన్ని కొంత అడ్డుకుంటుంది. కొత్తగా చదివిన పేజీలు మొదట ఇన్‌యాక్టివ్ జాబితాలోకి చేరతాయి. మళ్లీ మళ్లీ వాడుకలోకి వచ్చినవే యాక్టివ్ జాబితాకు ఎక్కుతాయి. కనుక తప్పుడు అంచనాతో వచ్చిన పేజీలు, నిజంగా పనికొచ్చే పేజీలను నేరుగా తోసేయలేవు. మెమరీ కావలసినప్పుడు ముందుగా బయటికి పోయేవి అవే. అయితే ఈ రక్షణ సరైన అంచనాలకే ముప్పు తెచ్చే సందర్భం ఒకటి ఉంది.

రెండు వేల మందికి ఏకకాలంలో వీడియో ఫైళ్లు అందించే సర్వర్‌ను తీసుకుందాం. ప్రతి ప్రవాహానికీ చేతిలో ఒక విండో, దారిలో ఒక విండో ఉంటాయి. 128 చొప్పున 256 కిలోబైట్లు, మొత్తం 500 మెగాబైట్లు. ఇబ్బంది లేదు. ఇప్పుడు వేగం కోసం విండోను 4 మెగాబైట్లకు పెంచారు. ప్రవాహానికి 8, మొత్తం 16 గిగాబైట్లు. మెమరీ అంత లేకపోతే, తెచ్చిన పేజీలను ప్రోగ్రామ్ చదవకముందే కెర్నల్ బయటికి పంపేస్తుంది. ప్రోగ్రామ్ అక్కడికి చేరుకుని చూస్తే పేజీ ఉండదు, మళ్లీ డిస్కుకు వెళ్లాలి. ఒకే డేటాను రెండుసార్లు తెస్తున్నారు, రెండోసారి ఆలస్యం దాచే అవకాశం కూడా లేదు. అంచనా ప్రతిసారీ సరైనదే, అయినా ఫలితం ప్రీఫెచింగ్ అసలు లేనిదానికంటే అధ్వాన్నం. విండోను పెంచితే వేగం పెరుగుతుందనే సూత్రం ఎక్కడ తలకిందులవుతుందో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన సందర్భం లేదు. దారిలో ఉండవలసినంత ఉంచాలి, అంతకు మించినదంతా మెమరీ మీద భారమే.

ఫైలును మెమరీకి మ్యాప్ చేసి, అంటే అది మెమరీలో భాగమే అన్నట్టు చిరునామాలతో చదివే ప్రోగ్రాములది వేరే దారి. అక్కడ రీడ్ కాల్ ఉండదు, ప్రోగ్రామ్ ఒక చిరునామాను తాకినప్పుడు ఆ పేజీ మెమరీలో లేకపోతే, పేజ్ ఫాల్ట్ అనే సంకేతం కెర్నల్‌కు వస్తుంది. ఎంత కావాలో, ఎటు వెళుతోందో కెర్నల్‌కు చెప్పే సమాచారం అందులో చాలా తక్కువ. అందుకే లైనక్స్ అక్కడ ముందుకు మాత్రమే కాక చుట్టూ చదువుతుంది: తాకిన పేజీకి వెనుక సగం, ముందు సగం. ప్రోగ్రామ్ ఫైళ్ల కోడులో గెంతులు రెండు వైపులా ఉంటాయి కనుక ఇది అర్థవంతమైన ఎంపికే. అయితే క్యాష్‌లో దొరకని సందర్భాలు దొరికినవాటికంటే వందకు మించి పేరుకుపోతే, ఈ ఫైలులో చుట్టూ చదవడం దండగ అని తేల్చుకుని మానేస్తుంది.

ఇక వేలాది చిన్న ఫైళ్లు చదివే పనిలో ఈ యంత్రాంగం దాదాపు నిస్సహాయం. ప్రతి ఫైలూ రెండు మూడు పేజీల్లో ముగిసిపోతే విండో పెరిగే వ్యవధే లేదు. తర్వాత ఏ ఫైలు తెరుస్తారో కెర్నల్‌కు తెలియదు. అలాంటి ముందుచూపు కావాలంటే ఫైలు హద్దు దాటి, గతంలో జరిగినదాన్ని నమోదు చేసి పెట్టుకోవాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఆ దారి పట్టింది. ప్రోగ్రామ్ మొదలైన తొలి 10 సెకన్లలో ఏ ఫైళ్లలోని ఏ భాగాలు తాకిందో రాసిపెట్టుకుని, మరోసారి అదే ప్రోగ్రామ్ తెరిచినప్పుడు అవన్నీ ఒక్క ఊపులో రప్పించేది. లైనక్స్ పంపిణీల్లో బూటింగ్ వేగం కోసం ఇలాంటిదే చేసిన సిస్టమ్‌డీ రీడ్‌అహెడ్‌ను 2014లో తొలగించారు. చెదిరిన ముక్కలను వరుసలో చదివించడమే అలాంటి పనిముట్ల ప్రధాన లాభం. ఎస్‌ఎస్‌డీల్లో ఆ లాభం చాలావరకు మిగలదు.

ఊహించడం కంటే వినడం మేలు

కెర్నల్ ఎంత తెలివిగా ఊహించినా, తర్వాత ఏం చదవబోతోందో ప్రోగ్రామ్‌కే బాగా తెలుసు. ఆ సంగతి కెర్నల్‌కు చెప్పే మార్గం, యునిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో ఉంది: ఎఫ్‌అడ్వైజ్ కాల్. ఫైలును వరుసగా చదువుతామని చెబితే లైనక్స్ ఆ తెరిచిన ఫైలుకు గరిష్ఠ విండోను రెట్టింపు చేస్తుంది. చెల్లాచెదురుగా చదువుతామంటే ముందుగా చదవడం మానేస్తుంది. ఫలానా భాగం త్వరలో కావాలంటే వెంటనే దాన్ని రప్పించడం మొదలుపెడుతుంది, ప్రోగ్రామ్‌ను ఆపదు. ఇక అక్కర్లేదంటే క్యాష్ నుంచి విడుదల చేస్తుంది. మొదటి రెండు సూచనలకూ ఫైలులో ఒక భాగం మాత్రమే పేర్కొన్నా, లైనక్స్‌లో అవి ఆ తెరిచిన ఫైలు మొత్తానికీ వర్తిస్తాయి. సగం ఫైలును వరుసగా, సగాన్ని అడ్డదిడ్డంగా చదివే ప్రోగ్రామ్ దాన్ని రెండుసార్లు తెరవడం ఉత్తమం.

ఈ మార్గం దశాబ్దాలుగా ఉన్నా వాడేవారు తక్కువ. యంత్రం మొత్తానికీ వర్తించే రీడ్‌అహెడ్ విలువను పదే పదే సవరించేవారు, ప్రోగ్రామ్‌లో రెండు పంక్తులు చేర్చడానికి ముందుకు రారు. ఇది విచారకరం. ఒకే యంత్రం మీద బ్యాకప్ ప్రోగ్రామూ డేటాబేసూ నడుస్తున్నప్పుడు, ఇద్దరికీ సరిపడే ఒకే సంఖ్య ఉండదు. ఎవరి తీరు వారు చెప్పుకోవడమే సరైన పరిష్కారం.

మార్పు చేశాక కొలవడంలోనూ పొరపాట్లు ఎక్కువ. ఒక పరీక్షను రెండోసారి నడిపితే డేటా అప్పటికే పేజీ క్యాష్‌లో ఉంటుంది; కొలిచింది మెమరీ వేగాన్నే తప్ప రీడ్‌అహెడ్‌ను కాదు. ప్రతి పరీక్షకు ముందు డ్రాప్ క్యాషెస్ అనే కెర్నల్ సెట్టింగు ద్వారా క్యాష్ ఖాళీ చేయాలి, లేదా మెమరీ కంటే పెద్ద ఫైలు వాడాలి. డిస్కు వాడకాన్ని కొలిచే ఐఓస్టాట్ చూపే సగటు రీడ్ పరిమాణం విండో నిజంగా పెరిగిందో లేదో చెబుతుంది. విండోను 1 మెగాబైటు చేసినా ఆ సంఖ్య 4 కిలోబైట్ల దగ్గరే ఉంటే, కెర్నల్‌కు వరుస కనిపించడం లేదని అర్థం. ఫిన్‌కోర్ పనిముట్టు ఒక ఫైలులో ఎంత భాగం క్యాష్‌లో ఉందో చూపిస్తుంది. కెర్నల్ గణాంకాల్లోని రీఫాల్ట్ లెక్కలు వేగంగా పెరుగుతుంటే, బయటికి పంపిన పేజీలు మళ్లీ అవసరమవుతున్నాయన్నమాట. విండో పెంచిన వెంటనే ఆ లెక్కలు ఎగబాకితే విండోను తగ్గించాలి.

భవిష్యత్తు తెలిసినవారే ప్రీఫెచింగ్ చేసుకోవాలన్న ఆలోచనను డేటాబేస్‌లు గట్టిగా పట్టుకున్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో సూచికను ముందుగా చదివి, కావలసిన బ్లాకుల చిత్రపటం తయారుచేసుకుని, ఆ తర్వాత పట్టికలోకి వెళ్లే పద్ధతి ఒకటుంది. ఏయే బ్లాకులు చదవాలో అప్పటికే తెలుసు, కానీ వాటి మధ్య ఖాళీలు ఉంటాయి కనుక కెర్నల్‌కు అది వరుసగా కనిపించదు. అందుకే 2009లో వచ్చిన 8.4 వెర్షన్‌లో పోస్ట్‌గ్రెస్ ఆ బ్లాకులకు ఎఫ్‌అడ్వైజ్ ద్వారా ముందే కబురు పంపడం మొదలుపెట్టింది. 2024 నాటి 17వ వెర్షన్‌లో, రాబోయే బ్లాకుల జాబితాను ఒకచోట చేర్చి పెద్ద రీడ్‌లుగా మలిచే ఏర్పాటు వచ్చింది. 2025లో వచ్చిన 18వ వెర్షన్ మరో అడుగు వేసి, జెన్స్ ఆక్స్‌బో 2019లో లైనక్స్ 5.1లో ప్రవేశపెట్టిన ఐఓ యూరింగ్ ద్వారా, జవాబు కోసం ఆగకుండా అనేక రీడ్‌లను నేరుగా కెర్నల్‌కు అప్పగించగలుగుతోంది. సాధారణ ఫైల్ రీడ్‌లు చేసే లెక్కలేనన్ని ప్రోగ్రాములకు మాత్రం, ఒక పేజీ మీద ఒక గుర్తు పెట్టి ఎదురుచూసే ఆ పాత యంత్రాంగమే ఇప్పటికీ ఆధారం.